లెన్స్ ఎర్రర్ మెసేజ్ ఇవ్వదు

విప్పడానికి నాకు పదకొండు నిమిషాలు పట్టింది. నేను చూసిన యూట్యూబ్ వీడియో కూడా అంతే. తిరిగి బిగించడానికి నాలుగు రోజులు పట్టింది. అది కూడా నా చేతుల్లో కాదు.

పోయినేడాది ఆగస్టు. వైజాగ్‌లో వానలు, ఉక్కపోత, జ్వరాలు మూడూ కలిసి నడుస్తున్న రోజులు. మా పిన్నికి కూర్మన్నపాలెంలో చిన్న డయాగ్నస్టిక్ ల్యాబ్ ఉంది. ఒక గది, మధ్యలో ఒక కర్టెన్, ఒక ఫ్రిజ్, ఒక సెంట్రిఫ్యూజ్, ఒక బైనాక్యులర్ మైక్రోస్కోప్. అంతే ఆస్తి. సీజన్ వస్తే పొద్దున ఏడింటికే బయట బెంచీ నిండిపోతుంది. ఎక్కువమంది స్టీల్ ప్లాంట్ చుట్టుపక్కల పనిచేసే కూలీలు, వాళ్ల పిల్లలు.

మలేరియా టెస్ట్‌కి ఇప్పుడు ర్యాపిడ్ కిట్లు వచ్చాయి. అయినా రక్తపు చుక్కని గాజు స్లైడ్ మీద పూసి, రంగు వేసి, కంటితో చూసి చెప్పే పద్ధతి పోలేదు. ఏ రకం మలేరియా, ఎంత ఎక్కువగా ఉంది అన్నది చెప్పాలంటే స్లైడే దిక్కు. 10 రెట్ల ఐపీస్, 100 రెట్ల ఆబ్జెక్టివ్, మొత్తం 1000 రెట్లు. అంత పెద్దది చేసినా ఎర్ర రక్తకణంలో ఆ పరాన్నజీవి చిన్న ఉంగరంలా మాత్రమే కనిపిస్తుంది. మసకగా ఉంటే ఆ ఉంగరం ఉన్నట్టూ ఉంటుంది, లేనట్టూ ఉంటుంది.

"ఒరేయ్, ఇది మసకేస్తోందిరా. పొగమంచులో చూస్తున్నట్టుంది" అంది పిన్ని శనివారం రాత్రి. సర్వీస్ వాళ్లకి ఫోన్ చేస్తే హైదరాబాద్ నుంచి మనిషి రావడానికి రెండు వారాలు పడుతుందన్నారు. నేను ఈసీఈ చదివాను, రుషికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంట్లో ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ విప్పి బిగించిన ఘన చరిత్ర ఉంది. "రేపు నేను చూస్తాలే పిన్నీ" అన్నాను. ఈ వాక్యం గురించి తర్వాత చాలాసార్లు ఆలోచించాను.

ఆదివారం డైనింగ్ టేబుల్ మీద పాత చీర పరిచి మొదలుపెట్టాను. ముందు ఐపీస్ తిప్పితే కింది రింగు ఊడింది. లోపల్నుంచి ఒక లెన్స్, ఒక ఇత్తడి స్పేసర్, ఇంకో లెన్స్ జారి చీర మీద పడ్డాయి. ఏది ఎటు తిరిగి ఉందో చూసేలోపే దొర్లిపోయాయి. సరేలే, తుడిచి పెడదాం అనుకున్నాను. టీషర్ట్ అంచుతో తుడిచాను. (చదువుతున్నవాళ్లలో ఈ పని తెలిసినవాళ్లుంటే ఇక్కడ ఉలిక్కిపడతారు.) తర్వాత రెండు కళ్లూ పెట్టే పైభాగం, అంటే హెడ్, దాని స్క్రూలు వదులు చేశాను. లోపల ప్రిజంలు కనిపించాయి. అందంగా ఉన్నాయి. వాటిని పట్టి ఉంచే ఇంకో మూడు స్క్రూలు కూడా వదులు చేశాను.

మళ్లీ బిగించి చూస్తే మసక అలాగే ఉంది. దానికి తోడు రెండు కొత్త జబ్బులు. బొమ్మ అంచులు సాగదీసినట్టు వంగిపోతున్నాయి. కుడికన్ను ఒకచోట చూస్తుంటే ఎడమకన్ను ఇంకోచోట చూస్తోంది. రెండు నిమిషాలు చూస్తే తలనొప్పి. పిన్ని ఒకసారి చూసి, ఏమీ అనకుండా లేచి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

మా ఫీల్డ్‌లో తప్పు చేస్తే వెనక్కి వెళ్లే దారి ఉంటుంది. పాత వెర్షన్ ఎక్కడో భద్రంగా ఉంటుంది. ఇక్కడ పాత వెర్షన్ అంటే ఆ లెన్స్ ఏ వైపు తిరిగి ఉండేదో అన్న జ్ఞాపకం. ఆ జ్ఞాపకం నా దగ్గర లేదు. ఒక ఫోటో తీసుకున్నా సరిపోయేది. చేతిలో 50 మెగాపిక్సెల్ కెమెరా పెట్టుకుని ఒక్క ఫోటో తీయలేదు.

"తిప్పి సూసేవా?"

సోమవారం బాబాయ్ తన ఫ్రెండ్ ద్వారా ఒకాయన్ని పట్టుకొచ్చాడు. ఒక కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో ముప్ఫై ఏళ్లు మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యారు. పేరు రాయొద్దన్నారు, కాబట్టి గురువుగారు అంటాను. వైజాగ్‌లో ఎలాగూ అందరినీ అలాగే పిలుస్తాం.

ఆయన చేతిసంచీలోంచి తీసిన సామాను చూసి మొదట నాకు నమ్మకం కుదరలేదు. గాలి కొట్టే రబ్బరు బల్బు, మెత్తటి బ్రష్, లెన్స్ టిష్యూ, వెదురుపుల్లకి చుట్టిన దూది, చిన్న సీసాలో ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఒక నెయిల్ పాలిష్. "మా మనవరాలిది" అన్నారు నెయిల్ పాలిష్ గురించి.

కూర్చోగానే అడిగిన మొదటి ప్రశ్న: "మసక ఎక్కడుందో సూసేవా, ఊరికే ఇప్పేసేవా?"

ఊరికే ఇప్పేశాను.

"ఐపీసు తిప్పి సూడాలి బాబూ. మచ్చ కూడా తిరిగితే అది ఐపీసులో ఉన్నట్టు. ఆబ్జెక్టివ్ మార్చు. మచ్చ పోతే ఆబ్జెక్టివ్‌ది. స్లైడ్ జరుపు. దాంతోపాటు జరిగితే స్లైడ్‌ది. కింద కండెన్సర్ ఎత్తి దించు. అప్పుడు పదునుగా కనపడి మాయమయితే దీపం దగ్గరి దుమ్ము. ఇయేవీ కాకపోతే అప్పుడు తల ఇప్పు."

నేను రోజూ ఆఫీసులో చేసే పని ఇదే. బగ్ ఎక్కడుందో సగం సగం కొట్టేసుకుంటూ వెళ్లడం. డీబగ్గింగ్‌కి జీతం తీసుకునేవాణ్ని, ఎదురుగా వస్తువు కనిపించేసరికి స్క్రూడ్రైవర్ పట్టుకున్నాను. సిగ్గుగానే రాస్తున్నాను.

ఐపీస్‌ల సంగతి ఆయన పది నిమిషాల్లో తేల్చేశారు. లెన్స్‌ని అంచులు పట్టుకుని ట్యూబ్‌లైట్ కిందకి తీసుకెళ్లి, అందులో ట్యూబ్‌లైట్ ప్రతిబింబం చూశారు. చదునుగా ఉన్న ముఖం మీద లైటు మామూలు అద్దంలో కనిపించినట్టే పెద్దగా కనిపిస్తుంది. ఉబ్బెత్తు ముఖం మీద చిన్నగా ముడుచుకుపోతుంది. అలా ఏ వైపు ఏ ముఖమో తెలుసుకుని, బాగున్న రెండో ఐపీస్‌తో పోల్చి, తిరగబడ్డ లెన్స్‌ని సరిగ్గా కూర్చోబెట్టారు. అంచులు వంగడం ఆగిపోయింది. రెండు ఐపీస్‌లనీ ఒకేసారి విప్పనందుకు నన్ను మెచ్చుకున్నారు. అది తెలివి కాదు, బద్ధకం అని చెప్పలేదు.

తుడవడం కూడా ఒక విద్య అని అప్పుడే తెలిసింది. ముందు గాలి కొట్టి దుమ్ము లేపాలి. తర్వాత బ్రష్. ఆ తర్వాతే తడి. పొడి గుడ్డతో తుడిస్తే ఆ దుమ్ములోని ఇసుకరేణువే గీత పెడుతుంది. టిష్యూ మీద రెండు చుక్కల ఆల్కహాల్, మధ్యలోంచి మొదలుపెట్టి చుట్టూ తిప్పుకుంటూ అంచు వరకు, ఒక్కసారికి ఒక టిష్యూ. ఎక్కువ పోస్తే ఆ తడి అంచుల్లోంచి లోపలికి పాకి, రెండు గాజుల్ని అంటించిన జిగురుని పాడుచేస్తుంది. నా టీషర్ట్ పెట్టిన గీత ఇప్పటికీ కుడి ఐపీస్ మీద సన్నగా ఉంది. పిన్నికి కనిపించదట. నాకు కనిపిస్తుంది.

ఆబ్జెక్టివ్‌ల లోపలికి మాత్రం ఆయన వెళ్లలేదు. 100 రెట్ల ఆబ్జెక్టివ్ లోపల చిన్న చిన్న లెన్స్‌లు దొంతరగా ఉంటాయి, వాటి మధ్య దూరాలు ఫ్యాక్టరీలో కొలిచి పెట్టినవి. విప్పితే ఇంట్లో తిరిగి కుదరదు. బయటి ముఖం తుడిచారు, అంతే. 40 రెట్ల ఆబ్జెక్టివ్ మీద పాత ఇమ్మర్షన్ ఆయిల్ గట్టిపడి ఉంది. 100 రెట్లదానికి వేసిన నూనె, పక్కకి తిప్పినప్పుడు దీనికి అంటుకుంటుంది. ప్రతి ల్యాబ్‌లోనూ ఉండే జబ్బే ఇదని పిన్నితో అన్నారు. పిన్ని నేలచూపులు చూసింది.

అసలు మసక మాత్రం హెడ్ లోపల ప్రిజం మీద ఉంది. టార్చి అడ్డంగా వేసి చూపించారు. గాజు మీద సన్నటి తెల్లటి పోగులు, సాలెగూడులా. బూజు.

ఉప్పుగాలి ఊరు

సముద్రం పక్కన ఉండడం మనకి ఇన్‌స్టా రీల్. గాజుకి అది శిక్ష. గాలిలో తేమ 70 శాతం దాటి రోజుల తరబడి అలాగే ఉంటే లెన్స్ మీద బూజు పెరగడం మొదలవుతుంది. దుమ్ము, వేలిముద్రల జిడ్డు, అంచుల్లోని జిగురు, ఇవే దానికి తిండి. పెరుగుతూ పెరుగుతూ యాసిడ్ వదులుతుంది. ఆ యాసిడ్ ముందు గాజు మీది పూతని, తర్వాత గాజునే తింటుంది. తొందరగా పట్టుకుంటే తుడిస్తే పోతుంది. ఆలస్యమైతే బూజు పోయినా దాని ఆకారం గాజు మీద చెక్కినట్టు మిగిలిపోతుంది. మా ప్రిజం మీద అలాంటి మచ్చ ఒకటి, వేరు ఆకారంలో, మిగిలిపోయింది. అదృష్టం కొద్దీ చూపుకి అడ్డం రాని మూలలో.

ఈ ఊరికి ఈ గొడవ కొత్తది కాదు. డాబాగార్డెన్స్ నుంచి రోజూ సిటీ బస్సులో వెళ్లేవాళ్లలో ఎంతమందికి తెలుసో గానీ, అక్కడ 1840లో గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు సొంతంగా అబ్జర్వేటరీ పెట్టారు. ఆయన 1856లో పోయాక అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు దాన్ని నడిపారు. 1874 డిసెంబర్ 9న శుక్రగ్రహం సూర్యుడి ముందునుంచి దాటుతుంటే ఆయన ఇక్కడ్నుంచే గమనించి వివరాలు లండన్‌కి పంపారు. ఎయిర్ కండిషనర్ లేదు, సిలికా జెల్ డబ్బాలు లేవు. ఇదే ఉప్పుగాలి. ఆ లెన్స్‌లని ఎవరు, ఎలా తుడిచేవారో నాకు ఇప్పుడు పెద్ద కుతూహలం.

తర్వాత 1930లలో వాల్తేరులో ఆంధ్ర యూనివర్సిటీలో కె. రంగధామరావు గారు స్పెక్ట్రోస్కోపీని నిలబెట్టారు. కాంతిని రంగులుగా విడగొట్టి, ఏ గీత ఎక్కడుందో కొలిచే విద్య. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు హార్బర్ మీద బాంబులు వేశాక, ఆ యుద్ధకాలంలో యూనివర్సిటీ గుంటూరుకి తరలింది. యుద్ధం ముగిశాక తిరిగొచ్చింది. ఒక మైక్రోస్కోప్‌ని టేబుల్ మీదే కుదర్చలేకపోయిన నాకు, ల్యాబులున్న యూనివర్సిటీని ఊరు మార్చి మళ్లీ తేవడం అంటే ఏమిటో ఇప్పుడు కొంచెం అర్థమవుతోంది. ఇంజినీరింగ్ ఫస్టియర్‌లో స్పెక్ట్రోమీటర్ ఎక్స్‌పెరిమెంట్ గుర్తుందా? సోడియం దీపం, పక్కపక్కనే రెండు పసుపు గీతలు, 589.0, 589.6 నానోమీటర్లు. ఆ రీడింగులు పక్క బ్యాచ్ దగ్గర కాపీ కొట్టినవాళ్లు చేతులెత్తండి. నేను రెండు చేతులూ ఎత్తుతున్నాను.

గురువుగారు ఆ పరికరాల గురించి ఒక సంగతి చెప్పారు. స్పెక్ట్రోఫొటోమీటర్ లోపలి అద్దాలు ఇంట్లో అద్దాల్లాంటివి కావు. ఇంట్లో అద్దానికి వెండిపూత గాజు వెనక ఉంటుంది. వీటికి అల్యూమినియం పూత పైనే ఉంటుంది, వెంట్రుకలో వెయ్యో వంతు కంటే పెద్ద మందం కూడా కాదు. ఒకసారి ఒక కుర్రాడు శ్రద్ధగా జేబురుమాలుతో ఆ అద్దాన్ని తళతళలాడేలా తుడిచాడట. పూత రుమాలుకి వచ్చేసింది. ఇక గ్రేటింగ్ సంగతైతే, మిల్లీమీటర్‌కి వందలు, వేలల్లో గీతలుండే ఆ పలకని తుడవడం అన్న మాటే లేదు. గాలి కొట్టడం కూడా ఆలోచించి కొట్టాలి. "దుమ్ముంటే ఉండనీ. ఏలు మాత్రం పెట్టకు" అన్నారు.

ఈ కథంతా ఫోన్లో ఉక్కునగరంలో నాతో చదివిన ఫ్రెండ్‌కి చెబితే వాడు నవ్వాడు. వాడు మెటలర్జీ చదివి స్టీల్ టెస్టింగ్ ల్యాబ్‌లో పనిచేస్తాడు. ఉక్కు కరిగించేటప్పుడు అందులో కార్బన్ ఎంత, సల్ఫర్ ఎంత అని నిమిషాల్లో తేల్చాలి. శాంపిల్ ముక్క మీద ఆర్గాన్ వాయువులో స్పార్క్ కొడతారు. ఆ మెరుపు కాంతిని విడగొట్టి, ఒక్కో మూలకం గీత ఎంత వెలుగుతోందో కొలుస్తారు. కార్బన్‌ది 193 నానోమీటర్ల దగ్గర, సల్ఫర్‌ది 181 దగ్గర, ఫాస్ఫరస్‌ది 178 దగ్గర. ఆ కాంతిని మనం పీల్చే గాలే మింగేస్తుంది. అందుకే లోపలి ఆప్టిక్స్‌ని వ్యాక్యూమ్‌లోనో ఆర్గాన్‌లోనో ఉంచుతారు. స్పార్క్ నుంచి లేచే పొగ ముందున్న చిన్న లెన్స్ మీద పొరలా పడుతుంది. పొర పడే కొద్దీ కాంతి తగ్గుతుంది. సల్ఫర్ తగ్గలేదు, కాంతి తగ్గింది. మెషీన్ మాత్రం తక్కువ అంకె చూపిస్తుంది. అందుకే లెన్స్ తుడిచిన ప్రతిసారీ, సల్ఫర్ ఎంతుందో ముందే తెలిసిన స్టాండర్డ్ ముక్కలు పెట్టి సరిచూసుకోవాలి.

"ఎర్రర్ ఏమీ చూపించదా?" అన్నాను.

"అంకె చూపిస్తుంది కదరా. అదే ప్రాబ్లమ్" అన్నాడు.

ఆ పన్నెండు స్లైడ్‌లు

ఆ నాలుగు రోజులూ పిన్ని శాంపిళ్లని ఇంకో ల్యాబ్‌కి పంపింది. మధ్యలో ఒక రాత్రి నిద్ర పట్టక రొనాల్డ్ రాస్ గురించి చదివాను. 1897 ఆగస్టులో సికింద్రాబాద్ బేగంపేటలో, దోమ కడుపులో మలేరియా జీవిని ఆయన మొదటిసారి చూశాడని స్కూల్లో చదువుకున్నాం కదా. ఆగస్టు 20, అందుకే ఆ రోజు దోమల దినం. స్కూల్లో చెప్పనిది ఏమిటంటే, ఆ మైక్రోస్కోప్ పరిస్థితి. నుదుటి నుంచి, చేతుల నుంచి కారిన చెమటకి స్క్రూలు తుప్పు పట్టాయి. మిగిలిన ఒకే ఒక్క ఐపీస్ పగిలి ఉంది. ఫ్యాన్ వేస్తే కోసి పెట్టిన దోమలు ఎగిరిపోతాయని వేసుకోలేదు. ఆ అద్దంలోంచి చూసే ఆయనకి 1902లో నోబెల్ వచ్చింది. ఇది చదివి కాసేపు ధైర్యం వచ్చింది. తర్వాత ఇంకో ఆలోచన వచ్చి పోయింది. పగిలిన ఐపీస్‌లోంచి ఆయన చూడలేకపోయినవి ఎన్ని ఉంటాయో.

పిన్ని బుర్రలో తిరుగుతున్నది కూడా అదేనని నాకు తర్వాత తెలిసింది. మసక ఒక్కరోజులో వచ్చింది కాదు. మెల్లగా వచ్చింది. ఆ వారం రోజుల్లో ఆమె "మలేరియా పరాన్నజీవులు కనపడలేదు" అని సంతకం పెట్టిన స్లైడ్‌లు పన్నెండు, డబ్బాలో అలాగే ఉన్నాయి.

ప్రిజంలు కుదర్చడానికి గురువుగారికి రెండు సాయంత్రాలు పట్టింది. గాజు మీద సన్నని ప్లస్ గుర్తు గీసిన స్లైడ్ పెట్టి, కుడికంటితో దాన్ని సరిగ్గా మధ్యకి తెచ్చుకుని, తర్వాత ఎడమకంటితో చూడాలి. అక్కడ కూడా మధ్యలో ఉండాలి. లేకపోతే మూడు స్క్రూల్లో ఒకదాన్ని పావుచుట్టు తిప్పడం, మళ్లీ చూడడం. ఒకటి బిగిస్తే మిగతా రెండూ వదులవుతాయి. ఒకచోట ఆయన ఆగి నన్ను చూడమన్నారు. "ఒక్క గుర్తే కనిపిస్తోంది" అన్నాను. "నీ కళ్లు కుర్రకళ్లు. రెండు బొమ్మల్నీ బలవంతంగా కలిపేస్తాయి. గంట సూస్తే తలపోటు. మీ పిన్నిని సూడమను" అన్నారు. పిన్ని చూసి, ఇంకా కొంచెం తేడా ఉందంది. మళ్లీ పావుచుట్టు.

అంతా కుదిరాక, ఒక్కో స్క్రూ తల మీదా, పక్కన ఇనుము మీదా కలిపి ఒక చుక్క నెయిల్ పాలిష్ పెట్టారు. స్క్రూ కదిలితే ఆ చుక్క చీలుతుంది. అప్పుడు తెలిసిపోతుంది. గులాబీ రంగు చుక్కలు, మెరుపులతో. నేను చూసిన వెర్షన్ కంట్రోల్ అన్నిట్లోకీ చవకైనది.

ఆయన టీ తాగుతుండగానే పిన్ని పాత డబ్బా తీసింది. మేం ఉన్నామని కూడా మర్చిపోయి, ఒక్కో స్లైడ్ మీదా నూనెచుక్క వేసి, వంద ఫీల్డులు లెక్కపెట్టుకుంటూ చూసింది. ఆ రాత్రీ, మర్నాడు పొద్దునా. పదకొండు స్లైడ్‌లలో ఏమీ లేదు. తొమ్మిదోదానిలో ఉంగరాలున్నాయి. ఎక్కువ లేవు. కానీ ఉన్నాయి.

ఏడేళ్ల పిల్లాడు. పిన్ని చేతులు వణుకుతుంటే నేనే డాక్టర్ నంబర్ కలిపి ఇచ్చాను. జ్వరం తగ్గకపోవడంతో రెండు రోజుల క్రితమే ఇంకోచోట కిట్ టెస్ట్ చేయించారట, పాజిటివ్ వచ్చింది, మందులు నడుస్తున్నాయి, పిల్లాడు బాగానే ఉన్నాడు. డాక్టర్ గారు మామూలుగానే మాట్లాడి పెట్టేశారు. పిన్ని ఫోన్ పెట్టేసి, రిజిస్టర్ తీసి, పాత ఎంట్రీ పక్కన ఎర్రపెన్నుతో సరిచేసి, తేదీ వేసి సంతకం పెట్టింది. పాతదాన్ని కొట్టేయలేదు. ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు.

ఇప్పుడు ఆమె రోజూ సాయంత్రం చేసే పనులు కొన్ని మారాయి. నూనెని అప్పటికప్పుడే టిష్యూతో అద్దుతుంది. వారానికోసారి ఐపీస్ తిప్పి చూస్తుంది. మలేరియా ఉందని ముందే తెలిసిన ఒక స్లైడ్‌ని పక్కన పెట్టుకుని, సోమవారం పొద్దున మొదట దాన్నే చూస్తుంది. అందులో ఉంగరాలు పదునుగా కనిపిస్తేనే మిగతా పని. స్టీల్ టెస్టింగ్‌లో స్టాండర్డ్ ముక్క చేసే పని కూర్మన్నపాలెంలో ఆ స్లైడ్ చేస్తోంది. మైక్రోస్కోప్‌ని ప్లాస్టిక్ కవర్ కప్పి వదిలేయడం మానేసింది. ఆ కవర్ తేమని లోపలే పట్టి ఉంచుతుందని గురువుగారు దాన్ని ఆ రోజే చెత్తబుట్టలో వేశారు. దాని బదులు చిన్న చెక్క బీరువా. లోపల సిలికా జెల్ డబ్బా, అది నీలం నుంచి గులాబీలోకి మారితే ఓవెన్‌లో వేడిచేసి మళ్లీ నీలం చేయాలి. ఒక మూల, రాత్రంతా వెలిగే చిన్న బల్బు. ఆ వేడికి లోపలి గాలి పొడిగా ఉంటుంది.

బల్బు తెచ్చే పని నాకు అప్పజెప్పారు. మంచి బ్రాండ్, తక్కువ కరెంటు, ఐదేళ్ల వారంటీ ఉన్నది చూసి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాను. గురువుగారు దాన్ని వెలిగించి, చెయ్యి పెట్టి చూసి, నా వైపు తిరిగారు.

"ఎల్‌ఈడీ తెచ్చేవేటి బాబూ? దీనికి ఏడెక్కడిది?"

పాతకాలం ఫిలమెంట్ బల్బు కోసం గాజువాకలో నాలుగు షాపులు తిరిగాను. చివరికి పూర్ణా మార్కెట్‌లో ఒక ముసలాయన అటక మీంచి దుమ్ముపట్టిన అట్టపెట్టె దించాడు. పదిహేను వాట్లవి నాలుగున్నాయి. నాలుగూ తెచ్చేశాను.